గోడ లేని వంటింట్లో బీడీల చాట ఎక్కడ పెట్టాలె?

ఈ మధ్య మన వాడల్లో కొత్త ఇల్లు కట్టుకునే ప్రతి ఇంట్లో ఒకటే మాట: ఓపెన్ కిచెన్. అంటే హాలుకూ వంటింటికీ నడుమ గోడ ఉండదన్నమాట. బిల్డర్లు దాన్ని పెద్ద కొత్త సంగతి లెక్క చెప్తున్నారు. నాకైతే నవ్వొస్తది. మన చాళ్ళల్లో నడుమ గోడ ఎప్పుడుండె? ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఒక మూల మోరీ, ఒక మూల పరుపుల చుట్ట. చుట్టాలొస్తే పాత చీర అడ్డం కట్టేది. ముంబై వర్లీ బీడీడీ చాళ్ళల్లో ఒక్కో గది 160 చదరపు అడుగులు. మన తెలుగు కుటుంబాలు ఎన్నో అందులోనే పిల్లల పెండ్లిండ్లు చేసినయి. మనం పుట్టింది, పెరిగింది ఓపెన్ కిచెన్‌లోనే.

తేడా ఏమిటంటే, అప్పుడు గతి లేక గోడ లేదు. ఇప్పుడు గోడ పెట్టాలా వద్దా అని ఆలోచించే వీలు మన చేతికి వచ్చింది. షోలాపూర్ దగ్గర కుంభారిలో కట్టిన రేనగర్‌లో 2024 జనవరిలో 15,000 ఇళ్ళు పనివాళ్ళ చేతికి వచ్చినయి. అందులో బీడీలు చేసేవాళ్ళు, సాంచెల మీద పనిచేసేవాళ్ళు ఎందరో ఉన్నారు. బీడీడీ చాళ్ళ వాళ్ళకు 500 చదరపు అడుగుల ఇళ్ళు ఇస్తున్నరు. ముంబై మిల్లు కార్మికులకు లాటరీలో వచ్చినవి 225 చదరపు అడుగులవి. మా వంటివాళ్ళు ఊరి చివర చిన్న ప్లాటు కొని ఒక్కో ఇటుక పేర్చుకుంటున్నరు. అందరికీ ఇల్లు చిన్నదే. చిన్న ఇంట్లో వంటిల్లు ఎట్లా కట్టాలనేది మా ఇంట్లో రెండు నెలలు నడిచిన చర్చ. అందులో తేలిన సంగతులు నలుగురికీ పనికొస్తయని రాస్తున్న.

నేను చదివింది నాలుగో తరగతి. మిల్లు నడిచినన్నాళ్ళు సాంచా ఖాతాలో పని చేసిన. మిల్లు మూతపడినంక టవల్ సాంచెలు నడిపిన. ఇప్పుడు పని మానుకున్న. మా ఇంటామెకు పన్నెండేళ్ళ వయసు నుంచి బీడీల పని. ఈనాటికీ చేస్తున్నది. పెద్దోడు మెకానిక్, కోడలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాకు పోతది. మనుమనికి మూడేళ్ళు. మా చెల్లె కూడా మాతోనే ఉంటది. ఆరుగురం.

ముగ్గురికి మూడు వంటిండ్లు

ప్లాటు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. అందులో హాలూ వంటిల్లూ కలిపి 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గది వస్తది. ఒక పడక గది, స్నానాల గది, వెనక మోరీ, మెట్లు. అంతే.

కోడలు గోడ వద్దన్నది. “మామా, నేను కార్ఖానాలో పొద్దంతా మిషను మీద గోడ దిక్కు చూస్తనే కూర్చుంట. ఇంటికొచ్చి మళ్ళ గోడనే చూడాల్నా? వంట చేస్తుంటే పిలగాడు కండ్ల ముందర ఉండాలె” అన్నది. అది నిజమైన మాటే.

మా ఇంటామె గోడ కావాలన్నది. పోపు ఘాటు ఇల్లంతా పోతది, వచ్చినోళ్ళకు అంట్ల గిన్నెలు కనపడతయి, గిన్నెలో ఎంత కూర ఉన్నదో కూడా ఊరందరికీ తెలుస్తది అన్నది. ఇదీ నిజమే. వంటింటి గుట్టు ఆడవాళ్ళకు ఒక మర్యాద.

పెద్దోడు ఫోన్‌లో బొమ్మలు చూపిచ్చిండు. నున్నటి గ్రానైటు, మెరిసే తలుపుల డబ్బాలు, పైన చిమ్నీ. “బాపూ, గిట్ల చేపిద్దాం” అన్నడు. ఆ బొమ్మలల్లో నాకు రెండు కనపడలేదు. ఒకటి నీళ్ళ డ్రమ్ము. రెండోది బీడీల చాట.

అసలు తగాదా అక్కడే మొదలైంది. వాడు అన్నడు, “అమ్మ ఇగ బీడీలు బంద్ చేస్తది. కొత్త ఇంట్ల ఆకు, తంబాకు ఎందుకు?” ఆమె అప్పటిదాకా చేస్తున్న కత్తెర ఆపింది. “నా కార్డు ఉన్నది, నా పీఎఫ్ ఉన్నది. వారం వారం నా చేతికొచ్చే పైసలు ఉన్నయి. నీ లోను కిస్తీ తక్కువ పడ్డ నెల ఎవరు పూడ్చిన్రు బిడ్డా? నా పనికి జాగ లేని ఇంట్ల నేనెట్ల ఉండాలె?” అన్నది. వాడు ఏమీ అనలేదు. ఆ రాత్రి ఎవ్వరం సరిగ తినలేదు.

వాడి భయం కూడా తప్పు కాదు. ఆమెకు దగ్గు ఉన్నది. తంబాకు పొడి గాలిలో లేస్తది, ఊపిరిలోకి పోతది. చేతులకు అంటుకున్న పొడి అన్నంలోకి పోతది. మూడేళ్ళ పిలగాడు చాట దగ్గరికి పోయి ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటడు. గోడ ఉన్న ఇంట్లో వంటింటి తలుపైనా మూయవచ్చు. గోడ లేని ఇంట్లో చాట హాలులో పెడితే పొయ్యి మీది గిన్నె ఎనిమిది పది అడుగుల దూరమే. పైన ఫ్యాను తిరుగుతుంటది. అందుకే మన ఆడవాళ్ళు బీడీలు చేసే ఇంట్లో ఓపెన్ కిచెన్ కట్టాలంటే ముందు అడగాల్సింది గ్రానైటు ఏ రంగు అని కాదు, చాట ఎక్కడ పెడతరు అని.

నేల మీద చాక్‌పీసు

సాంచెల ఖాతాలో నేను నేర్చుకున్న సంగతి ఒకటుంది. పనిచేసేవాడు ఎన్ని అడుగులు నడుస్తడు, ఎన్నిసార్లు వంగుతడు అనేది చూసి సాంచెలు నిలబెట్టాలె. ఎదురెదురు సాంచెల నడుమ సందు ఇరుకైతే మోచేయి తగులుతది, ఎక్కువైతే పొద్దంతా నడిచి కాళ్ళు పడిపోతయి. కండెల డబ్బా చేతికందే చోట ఉండాలె. వంటిల్లూ అంతే.

పునాది లేచినంక ఒక ఆదివారం అందరం ప్లాటు మీదికి పోయినం. నేల మీద చాక్‌పీసుతో గోడలు, గట్టు, పొయ్యి, తొట్టి అన్నీ అసలు కొలతకే గీసినం. ఇటుకలు పేర్చి మీద పలక పెట్టి గట్టు చేసినం. అత్తాకోడళ్ళను అందులో వంట చేస్తున్నట్టు తిరగమన్నం. కాగితం మీద పది రోజులు తెగని తగాదా ఆ గంటలో తెగింది. ఖర్చు రెండు చాక్‌పీసులు.

గట్టు ఎత్తు అప్పుడే తేలింది. గవండీలు ఎక్కడైనా 32, 34 అంగుళాల ఎత్తే కడతరు. మా ఇంటామె ఎత్తు నాలుగు అడుగుల పది అంగుళాలు. జొన్నరొట్టె కొట్టాలంటే పైనుంచి చేతి బరువు పడాలె. 34 అంగుళాల గట్టు మీద ఆమె భుజాలు చెవులదాకా లేచినయి. ఇటుకలు తీసుకుంట తీసుకుంట వస్తే 28 దగ్గర “ఇగ ఇది నా ఎత్తు” అన్నది. కోడలు అయిదు అడుగుల మూడు అంగుళాలు. 28 మీద గిన్నెలు తోమితే ఆమె నడుము విరిగిపోతది.

మీరూ ఇట్లా చూసుకోండి. నిలబడి మోచేయి మడవండి. నేల నుంచి మోచేతి దాకా ఎంతో కొలవండి. కూరలు కోసుడు వంటి పనికి దానికంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు కింద గట్టు ఉండాలె. పిండి పిసుకుడు, రొట్టె కొట్టుడు అయితే ఇంకా కింద. నీళ్ళ తొట్టి అంచు మాత్రం పైకి ఉండాలె, ఎందుకంటే చేతులు పనిచేసేది తొట్టి అడుగున.

అందుకే మాది రెండు ఎత్తుల గట్టు. పొయ్యి, రొట్టెలు ఉన్న దిక్కు 28 అంగుళాలు. తొట్టి ఉన్న దిక్కు 33. రొట్టెలు కొట్టే చోట గట్టు కింద ఏమీ పెట్టకుండ ఖాళీ ఉంచినం. ఎత్తు పీట వేసుకొని కాళ్ళు లోపలికి పెట్టి కూర్చుంటది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, జీవితమంతా కింద కూర్చొని వండిన మనిషి, ఇప్పుడు గంటలకొద్ది నిలబడమంటే ఎట్లా?

కింద కూర్చొనే వండుకుంట, పొయ్యి నేల మీదనే పెట్టండి అని కూడా అన్నది. అది మాత్రం కుదరదు. గ్యాసు పొయ్యి ఎప్పుడూ సిలిండరు కంటే పైనుండాలె. సిలిండరు ఎత్తే రెండడుగుల పైన ఉంటది.

మా వంటిల్లు లెక్క

18 అడుగుల పొడవులో దక్షిణం దిక్కు 7 అడుగులు వంటింటికి. అంటే 11 అడుగులు, 7 అడుగులు, మొత్తం 77 చదరపు అడుగులు. ఇంటి తలుపు ఉత్తరం దిక్కు. పొయ్యి ఆగ్నేయ మూల దిక్కు, వండే మనిషి ముఖం తూర్పుకు. పెద్దలు చెప్పినట్టు కుదిరింది, గాలికీ కుదిరింది. రెండూ కుదిరితే సంతోషం. కుదరని ఇల్లు అయితే నేను ముందు గాలి చూడమంట.

దక్షిణం గోడ వెంట 33 అంగుళాల గట్టు. దాని పక్కన నీళ్ళ డ్రమ్ము జాగ, ఆ పక్కన మోరీలోకి పోయే వెనక తలుపు. తూర్పు గోడ వెంట 5 అడుగుల చిన్న గట్టు: సగం పొయ్యి, సగం రొట్టెలు. పొయ్యికీ తొట్టికీ నడుమ రెండు అడుగులేస్తే చాలు.

ఇక గోడ సంగతి. పూర్తి గోడ లేదు, పూర్తి ఖాళీ లేదు. తూర్పు గోడ నుంచి 5 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల ఎత్తు సగం గోడ. మిగతా 6 అడుగులు ఖాళీ. ఈ సగం గోడతో నాలుగు పనులైతయి. హాలులో కూర్చున్నోళ్ళకు గట్టు మీది గిన్నెలు కనపడవు. నిలబడితే కోడలికి పిలగాడు కనపడతడు. పిలగాడు హాలు నుంచి ఉరికొచ్చి పొయ్యి మీద పడడు. హాలు ఫ్యాను గాలి మంటకు నేరుగా తగలదు. చిన్న ఓపెన్ కిచెన్‌లో ఫ్యాను గాలి పెద్ద ఇబ్బంది. మంట పక్కకు పోతే గ్యాసు వృథా, ఆరిపోతే ప్రమాదం.

పోపు ఘాటుకు చిమ్నీ కొనలేదు. పొయ్యి దగ్గర గోడ పైభాగంలో 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను. అయితే ఫ్యాను గాలిని బయటికి తోయాలంటే ఇంకో దిక్కు నుంచి గాలి లోపలికి రావాలె. అన్ని కిటికీలు మూసి ఫ్యాను వేస్తే చప్పుడు తప్ప పని ఉండదు. కిటికీ పొయ్యికి సూటిగ వెనక పెట్టొద్దు, కొంచెం పక్కకు పెట్టాలె. వెలుతురుకు లైటు కూడా గట్టు పైనే ఉండాలె. వెనక ఉంటే మన నీడనే కూర మీద పడతది.

గ్యాసు, నీళ్ళు

గ్యాసు గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటది. కాబట్టి సిలిండరును తలుపుల డబ్బాలో బిగించి మూయొద్దు. మా సిలిండరు దక్షిణం గట్టు కింద మూలన, నిటారుగ. దాని పక్క గోడలో నేలకు దగ్గరగ జాలీ పెట్టినం. మోరీ కాలువ, తొట్టి గొట్టం, కరెంటు స్విచ్చి దానికి దూరం. రబ్బరు గొట్టం ఐఎస్ఐ గుర్తుది కొనాలె, గోడ లోపలి నుంచి పోనీయొద్దు, అయిదేండ్లకు ఒకసారి మార్చాలె. వాసన వస్తే లైటు వేయొద్దు, ఫ్యాను వేయొద్దు, వేసి ఉన్నది తీయొద్దు. రెగ్యులేటరు కట్టేసి తలుపులు తీసి బయటికొచ్చి 1906కు ఫోను చేయండి. ఓపెన్ కిచెన్‌లో గ్యాసు హాలుదాకా వస్తది. పడుకునేది అక్కడే కనుక రాత్రి రెగ్యులేటరు కట్టేసుడు మరవొద్దు.

షోలాపూర్ నీళ్ళ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర లేదు. నల్లా రోజూ రాదు, నాలుగైదు రోజులకు ఒకసారి. ఫోన్‌లో చూపే వంటిండ్లు నల్లా ఇప్పితే నీళ్ళొచ్చే ఊళ్ళవి. మనం లెక్క వేసుకోవాలె. తాగుడుకు, వంటకు మనిషికి రోజుకు 6 లీటర్లు అనుకుంటే ఆరుగురికి 36 లీటర్లు. అయిదు రోజులకు 180. అందుకే 200 లీటర్ల డ్రమ్ముకు వంటింట్లోనే జాగ. రెండడుగుల చదరం పోయింది, పోనీ. వాడకం నీళ్ళకు వెనక భూమిలో హౌదు: 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు. ఒక ఘనపు అడుగుకు 28 లీటర్లు పైన పడతయి, అంటే నిండితే 2,800 లీటర్లు. హౌదు మోరీ కాలువకు ఎంత దూరముంటే అంత మంచిది.

ఏడాది జొన్నలు, ఎండు మిరపకాయలు పెట్టే అలవాటు మనది. వాటికి 7 అడుగుల ఎత్తున అటక. మిక్సీ, ఫ్రిజ్జు, ఎగ్జాస్ట్ ఫ్యాను ప్లగ్గులు ఎక్కడెక్కడో స్లాబు పోయకముందే ఎలక్ట్రీషియన్‌కు చూపియ్యాలె. గిలాబు అయినంక గోడ పగలగొడితే ఖర్చూ పోతది, పనీ చెడుతది.

టవర్లలో ఇల్లు వచ్చినోళ్ళకు ఒక మాట. గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేసుకుందామని సుత్తె పట్టుకోకండి. ఇప్పటి కొన్ని టవర్లలో గోడలన్నీ కాంక్రీటుతో పోసినవే. బిల్డింగు బరువు మోసేది అవే. ఇంజనీరును అడిగి, సొసైటీ నుంచి కాగితం తీసుకొని తర్వాతనే చెయ్యి పెట్టండి.

చాటకు జాగ దొరికింది

ఇంటి ముందర 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు వరండా వేస్తున్నం. మీద రేకు, మూడు దిక్కులా నడుము ఎత్తు గోడ, గాలి ఆడేటట్టు. లోపల గోడకు ఒక అరమర, తాళంతో. ఆకు, తంబాకు, దారం, ఫర్మా, కత్తెర అన్నీ అందులోనే. పిలగానికి అందదు. తడిపిన ఆకు మూటకు నేల మీద షాబాద్ బండ. చాటకు అడ్డంగ గాలి పోయేటట్టు కూర్చునే చోటు. అన్నిటికంటే ముఖ్యం, వరండాలోనే ఒక నల్లా. బీడీలు ఆపి లేచినంక చేతులు, ముఖం సబ్బుతో అక్కడే కడుక్కొని, కొంగు దులుపుకొని లోపలికి పోవాలె. తంబాకు చేతులతో ఎవ్వరూ వంటింటి సగం గోడ దాటొద్దు. ఈ నియమం పెట్టింది మా ఇంటామెనే. దగ్గుకు డాక్టరు దగ్గరికి పోవుడు కూడా ఆపొద్దని కోడలు మాట తీసుకున్నది.

వరండాకు పైసలు ఎక్కడివంటరా? గట్టుకు గ్రానైటు తీసేసినం. కడప్ప బండ వేస్తున్నం. పులుసు, నిమ్మరసం పడితే మరక పడతది, వెంటనే తుడవాలె, అంతే. తలుపుల డబ్బాలు తీసేసి కడప్ప అరలే పెట్టినం. చిమ్నీ ముందే లేదు. ఈ మూడిట్లో మిగిలిన పైసలతోని వరండా, నల్లా, అరమర అయితున్నయి. పెద్దోడు రెండు రోజులు ముఖం ముడుచుకున్నడు. తర్వాత తానే పోయి వరండాకు ట్యూబ్‌లైటు పాయింటు గీసి వచ్చిండు. “అమ్మకు సాయంత్రం కండ్లు ఆనయి కదా బాపూ” అన్నడు.

వచ్చే నెలలో స్లాబు పోస్తరు. మీ ఇండ్లల్లో ఎవరైనా కడుతుంటే గవండీకి చెప్పకముందు అయిదు సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి. వంట చేసేవాళ్ళ మోచేతి ఎత్తు ఎంత? నీళ్ళు ఎన్ని రోజులకొస్తయి, ఎన్ని లీటర్లు కావాలె? సిలిండరు ఎక్కడ, దాని పక్కన కింద జాలీ ఉన్నదా? పొగ ఏ దిక్కు పోతది, గాలి ఏ దిక్కు వస్తది? ఇంట్లో చేసే పని, బీడీలైనా, కుట్టుమిషనైనా, కండెలు చుట్టుడైనా, ఏ మూల కూర్చొని చేస్తరు? ఈ అయిదింటికి జవాబు ఆడవాళ్ళ నోటి నుంచే రాయండి. వంటింట్లో రోజుకు అయిదారు గంటలు ఉండేది వాళ్ళు. అప్పు కిస్తీలో వాళ్ళ చేతి పైసలు కూడా ఉన్నయి.